పెట్టె మీద నాలుగు పేర్లు, ఒడ్డున ముగ్గురు

“మీ ఇంట్ల మొత్తం ఎంతమంది ఉంటరే పిల్లా?”

అడిగినవాడు వరంగల్‌లో రేషన్ కార్డులు సరిచూసే ఇన్‌స్పెక్టరు. అడిగింది ఏడేళ్ళ కౌసల్యని. 1981లో, మిల్లు కార్మికుల వాడలో, తండ్రి కోటయ్య డ్యూటీలో, తల్లి నల్లా దగ్గర ఉన్న సమయం చూసుకుని మరీ వచ్చాడు. కౌసల్య వేళ్ళు మడిచి లెక్కపెట్టి “నలుగురం సార్” అంది. నిజంగా నలుగురే. కార్డు మీద మాత్రం ఏడుగురున్నారు: భీవండి వెళ్ళిపోయిన బాబాయి, పెళ్ళయి అత్తగారింట్లో ఉన్న మేనత్త, రెండేళ్ళ కిందట చనిపోయిన నాయనమ్మ. మరుసటి నెల నుంచి ముగ్గురి చక్కెర, ముగ్గురి కిరసనాయిలు ఆగిపోయాయి. కోటయ్య కూతురి మీద చెయ్యెత్తలేదు. “ఎవలన్న ఎంతమంది అని అడిగితె, ఎందుకడుగుతున్నరో ముందు తెలుసుకోవాలె బిడ్డా” అన్నాడు, అంతే.

నలభై ఏళ్ళ తర్వాత కౌసల్యకి అదే ప్రశ్న ఉత్తరంలో వచ్చింది. అది 2021 ఫిబ్రవరి మొదటి వారం. పంపినది జార్‌బ్రూకెన్‌లో ఆమె అద్దెకుంటున్న భవనాన్ని చూసుకునే సంస్థ. ఇద్దరికి అద్దెకిచ్చిన రెండు గదుల ఇంట్లో నలుగురు ఉంటున్నట్టు తమకు తెలిసిందని, అసలు ఎంతమంది ఉంటున్నారో ఇరవై రెండో తేదీలోగా రాతపూర్వకంగా తెలియజేయాలని అందులో ఉంది.

నిజం చెప్పాలంటే ఉంటున్నది ఇద్దరే, ఆమె, భర్త నరసింహులు. కాగితం మీద నలుగురు. మిగతా ఇద్దరు ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

ఈ ఇద్దరి సంగతి చెప్పాలంటే జర్మనీలో చిరునామా అంటే ఏమిటో చెప్పాలి. ఈ దేశంలో దిగినవాడు ముందు తన చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. అది లేకపోతే బ్యాంకు లేదు, వీసా పొడిగింపు లేదు, ఫోను సిమ్ము కూడా సరిగ్గా రాదు. నమోదు కావాలంటే ఇల్లిచ్చినవాళ్ళు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అప్పుడే దిగిన విద్యార్థికి ఇల్లు దొరకదు. ఏ మూలో ఒక మంచం దొరికినా, ఆ మంచం ఇచ్చినవాడు సంతకం పెట్టడు. అందుకని ముందొచ్చిన తెలుగువాళ్ళలో ఎవరో ఒకరు తమ ఇంటి చిరునామా ఇస్తారు. జార్‌బ్రూకెన్‌లో ఆ ఎవరో ఒకరు కౌసల్య.

ఉగాదికీ దీపావళికీ జరిగే సమావేశాల్లో ఆమెని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి “కౌసల్యక్క సేవ” అనేవారు. వేదిక దిగగానే “నెలకెంత గుంజుతోందో” అనుకునేవారు. రెండూ సగం సగం మాటలే. ఆమె నెలకి తలకి పాతిక యూరోలు తీసుకునేది. అందుకు వచ్చిన ఉత్తరాలు విప్పి, ఫొటో తీసి పంపేది. రిజిస్టరు పోస్టు వస్తే తపాలా ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టి తెచ్చేది. గడువున్న ఉత్తరమైతే ఫోను చేసి నిద్ర లేపి మరీ చెప్పేది. పుణ్యం కోసం చేసే పనికి గడువులు గుర్తుండవు. పాతిక యూరోలు తీసుకుంది కాబట్టే గుర్తుండేవి. ఇంతకీ ఇది చట్టానికి విరుద్ధం. ఉండని మనిషి ఉంటున్నాడని సంతకం పెట్టినవాళ్ళకి జరిమానా ఉంది. అది ఆమెకి తెలుసు, శాలువా కప్పినవాళ్ళకీ తెలుసు.

ఆమె 2013లో బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. “అంతా బాగానే పనిచేస్తోంది” అని ఎవరైనా అంటే నమ్మకపోవడానికే ఆమెకి జీతం ఇస్తారు. నరసింహులు హనుమకొండలో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరుగా పనిచేసినవాడు. ఇక్కడికొచ్చాక వంటిల్లు తీసుకున్నాడు, సాయంత్రాలు ఇంటర్ పిల్లలకి ఆన్‌లైన్లో ట్యూషన్ చెప్పుకున్నాడు. ఉత్తరం చదివి ఆయన అన్నది ఒకటే మాట. “ఇద్దరని రాస్తె నీ సంతకాలు దొంగ సంతకాలు. నలుగురని రాస్తె చెప్పకుంట మనుషుల్ని పెట్టుకున్నవని ఇల్లు ఖాళీ చేపిస్తరు. మూడో జవాబు లేదు కౌసల్యా.”

ఎనిమిదేళ్ళ కిందటి అద్దె. ఆ అద్దెకి ఇప్పుడు ఆ ఊళ్ళో సైకిలు పెట్టుకునే చోటు కూడా రాదు. పైగా కరోనా కాలం. ఇళ్ళు చూపించడమే మానేశారు. ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళిద్దరికీ తెలియదు.

ఇంటి గురించిన భయం ఒక ఎత్తు, చెప్పింది ఎవరన్నది ఒక ఎత్తు. కౌసల్యకి రెండోదే పెద్దదైంది. లోపం ఎక్కడ పుట్టిందో పట్టుకోకుండా నిద్రపోయే మనిషి కాదు. ఆ ఇంటి చిరునామా మీద నలుగురున్నారన్న సంగతి తెలిసినవాళ్ళు, ఆమె లెక్కలో, నలుగురే. తను చెప్పలేదు. నరసింహులుకొచ్చిన జర్మన్ భాష రొట్టెల దుకాణం గుమ్మం దాటదు. మిగిలింది కాగితం మీది ఇద్దరు, సృజన్, భానుప్రియ. ఒంగోలు నుంచి వచ్చిన సృజన్ 2019 అక్టోబరు నుంచి ఆమె చిరునామాలో ఉన్నాడు. జగిత్యాల భానుప్రియ 2020 మార్చిలో, విమానాలు ఆగిపోవడానికి వారం ముందు దిగి, ఏప్రిల్ నుంచి ఆమె చిరునామాకి వచ్చింది. క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాక ఇద్దరూ అద్దె తక్కువని, పార్సిల్ గోడౌన్లో పని దొరుకుతుందని కోబ్లెంజ్ పోయారు. ఇద్దరూ వేరువేరు చోట్ల ఉంటున్నారని ఆమెకి చెప్పారు. భానుప్రియ తల్లి శ్యామలాదేవికి మాత్రం కౌసల్య ఇంట్లోనే కూతురు ఉంటోందని చెప్పారు. ప్రతి ఆదివారం ఆవిడ వీడియో కాల్ చేస్తే “లైబ్రరీకి పోయింది వదినా” అనేది కౌసల్య. లైబ్రరీలు మూసి మూడు నెలలు దాటిందని శ్యామలాదేవికి ఎవరూ చెప్పలేదు.

జనవరిలో సృజన్ పాతిక యూరోల దగ్గర పేచీ పెట్టాడు. “ఉత్తరాలే రావట్లేదు కదక్కా, పదిహేను చెయ్యొచ్చుగా” అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మూడు వారాలకి ఈ ఉత్తరం వచ్చింది. ఇంకేం కావాలి.

ఫోనులో అడగదలచుకోలేదు. ఫోనులో మాట రికార్డవుతుంది, మెసేజి గ్రూపులోకెక్కుతుంది. ఊళ్ళోని జార్ నది ఒడ్డున కలుద్దామంటే ఆ శీతాకాలం ఊళ్ళోని తెలుగువాళ్ళందరూ అక్కడే నడుస్తున్నారు. లాక్‌డౌన్లో మనిషి ప్రకృతికి దగ్గరయ్యాడని పత్రికల్లో రాసినవాళ్ళు రాసుకున్నారు గానీ, మనిషి ప్రకృతి దగ్గరికి వెళ్ళింది మిగతావన్నీ మూసేశారు కాబట్టి. కౌసల్య మ్యాపు తీసి, కోబ్లెంజ్‌కి దగ్గరగా, జార్‌బ్రూకెన్ జనం రానంత దూరంగా ఉన్న చోటు వెతికింది. లాఖర్ సరస్సు దొరికింది. పదమూడు వేల ఏళ్ళ కిందట పేలిన అగ్నిపర్వతం నోట్లో నిండిన నీళ్ళు. తూర్పు ఒడ్డున నల్లరాళ్ళ మధ్య చిన్న నడక దారి, రద్దీ ఉండదని రాసి ఉంది. రద్దీ ఉండదన్న ఒక్క మాటే ఆమెకి కావలసింది.

“గురువారం వాకింగుకి పోదాం, వస్తవా తమ్ముడూ” అని మెసేజి పెట్టింది.

“ఎందుకక్కా?”

“ఊరికే.”

ఆ చలికాలంలో ఊరికే ఎవరూ రెండు గంటలు కారు నడుపుకుని రారని సృజన్‌కి తెలుసు. ఆ రోజుల్లో ఒక ఇంటివాళ్ళు బయటి మనిషి ఒక్కరిని మాత్రమే కలవచ్చు. తను ఒకటి, వాడు ఒకటి. నియమం సరిపోయిందని కౌసల్య మూడుసార్లు చూసుకుంది.

మెండిగ్ అనే చిన్న స్టేషన్ దగ్గర కారాపి చూస్తే రైల్లోంచి ఇద్దరు దిగారు. రెండో మనిషి మాస్కు కళ్ళ కింది దాకా ఉంది.

“ఇదెవలు?” అంది కౌసల్య కారు అద్దం కొంచెమే దించి.

“నేనే అక్కా, భానుని.”

“నువ్వెందుకొచ్చినవ్?”

“సృజన్ రమ్మన్నడు.”

“ముగ్గురుంటే రేపు మాట మార్చడం ఎవరికీ కుదరదు గదా అక్కా,” అన్నాడు సృజన్, వెనక తలుపు తీసి కూర్చుంటూ. “సాక్షి.”

కౌసల్య ముందు అద్దంలోంచి చూసింది. ఇద్దరికీ కలిపి ఒకే సంచి. అందులో ఒకే టిఫిను డబ్బా. అది కూడా మనసులో రాసుకుంది. కిటికీలు నాలుగూ దించి, ముగ్గురూ మాస్కుల వెనక మూతులు బిగించుకుని, నాలుగు కిలోమీటర్లు వెళ్ళారు.

సరస్సు బూడిద రంగులో, గాలి లేక గాజు పలకలా ఉంది. అవతలి ఒడ్డున మఠం బురుజులు. పార్కింగులో రెండే కార్లు. దారి మొదట్లో హెచ్చరిక పలక ఒకటి: ఇక్కడ నేలలోంచి బొగ్గుపులుసు గాలి వస్తూ ఉంటుంది, ఒడ్డున పల్లపు గుంటల్లో వంగొద్దు, పిల్లల్నీ కుక్కల్నీ దిగనివ్వొద్దు. భానుప్రియ చదివి చెప్పింది. ఆమె జర్మన్ మిగతా ఇద్దరికంటే బాగుంటుంది.

“చచ్చిపోయిన అగ్నిపర్వతమన్నారుగా నెట్‌లో,” అన్నాడు సృజన్.

“పడుకున్నది అన్నరు. చచ్చింది అనలే,” అంది కౌసల్య.

దారి సరస్సుకి ఆనుకునే ఉంది. ఒకపక్క కొండ కోసుకుపోయి నల్లటి లావా బండలు బయటికొచ్చాయి. కొన్ని ఇల్లంత ఉన్నాయి, నీళ్ళలోకి కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు. రాళ్ళ మధ్య నీళ్ళలో అక్కడక్కడ బుడగలు లేస్తున్నాయి, పొయ్యి మీద ఎసరు పొంగబోయే ముందు లేచినట్టు. చెయ్యి పెడితే మంచులా ఉన్నాయి. కౌసల్య రెండోసారి కూడా పెట్టి చూసింది. కంటికి మరుగుతున్నట్టుండి చేతికి చల్లగా తగిలే నీటిని ఒక్క పరీక్షతో నమ్మడం ఆమె వృత్తిలో లేదు.

ఎదురుగా కుక్కతో ఒక ముసలాయన వచ్చాడు. దారి పక్కకి తప్పుకుని నిలబడి వాళ్ళ ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశాడు. వీళ్ళు పలకరింపుగా గుటెన్ టాగ్ అన్నా జవాబివ్వలేదు.

“లెక్కపెట్టిండు,” అంది కౌసల్య, ఆయన దాటాక.

“మాస్కులు చూశాడేమోలే అక్కా.”

“మాస్కు చూసెటోడు మొహం చూస్తడు. వీడు ఒకటి, రెండు, మూడు అనుకుంట చూసిండు. మూడిళ్ళోళ్ళం కలిసి తిరుగుతున్నమంటె మనిషికి ఎంత జుర్మానానో తెల్సా? నీ సాక్షిని తెచ్చుకున్నవు గద, ఫైన్ నువ్వే కట్టు.”

ఓ పావుగంట నడిచాక, దారి రెండు బండల మధ్య ఇరుకైన చోట ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది.

“బిల్డింగ్ చూసుకునేటోళ్ళకు, హౌస్‌ఫెర్వాల్టుంగ్‌కి, ఎవలు చెప్పిన్రు?”

“ఏం చెప్పారు?”

“తెల్వనట్టు అడగకు. ఇంట్ల నలుగురున్నరని ఉత్తరమొచ్చింది. సోమారం లోపల జవాబియ్యాలె. పది యూరోల కోసం మా ఇల్లు తీసినవా?”

సృజన్ మొహం నిజంగానే మారింది. ఆ మారడం భయమా, దొరికిపోవడమా అన్నది కౌసల్య తేల్చుకోలేకపోయింది. “అక్కా, నాకు మార్చి మూడున వీసా టెర్మిన్, అపాయింట్‌మెంటు. ఐదు నెలలు ఎదురుచూస్తే దొరికింది. అది మీ అడ్రస్ మీదే ఉంది. ఆ అడ్రస్ పోతే నా ఫైలు కోబ్లెంజ్ ఆఫీసుకి పోద్ది, మళ్ళీ ఐదు నెలలు. ఇంగోల్‌స్టాట్‌లో ఉద్యోగం ఏప్రిల్లో. నా కొంప నేనే ఎందుకు కూల్చుకుంటా?”

“మరి నువ్వు కాకుంటె?”

“మీరే ఏదో ఆడుతున్నారనుకుని వచ్చాను నేను. పదిహేను చెయ్యమన్నానని అడ్రస్ తీసేయించేస్తారేమో, కాగితం మీద సంతకం పెట్టించుకుంటారేమో అని. అందుకే భానుని తెచ్చుకున్నా.”

నిజానికి కౌసల్య కోటు జేబులో ఆ కాగితం ఉంది. ‘నేను ఈ చిరునామా నుంచి వెళ్ళిపోతున్నాను’ అని నింపి, సంతకం చోటు ఖాళీగా వదిలినది. ఆమె జేబులోంచి చెయ్యి తీయలేదు.

అప్పుడే భానుప్రియ చేతిలో ఫోను కనపడింది. తెర మీద ఎర్రటి చుక్క.

“రికార్డు చేస్తున్నవా?”

భానుప్రియ చుక్క ఆర్పింది.

“మీ అమ్మకు ప్రతి ఆదివారం అబద్ధం చెప్తున్న నీ కోసం. లైబ్రరీ, లైబ్రరీ. ఆ రికార్డు కూడ ఉన్నదా నీ దగ్గర?”

“సారీ అక్కా. సృజన్ చెయ్యమన్నడు.”

“వాడు చెయ్యమన్నయన్ని చేస్తున్నవు, కనపడుతనే ఉంది.”

 రాళ్ళ సందులో నీళ్ళు గుడగుడమన్నాయి. ముగ్గురూ ఒకరికొకరు మీటరున్నర దూరంలో నిలబడ్డారు. నియమం ప్రకారమూ అంతే దూరం.

“ఉత్తరం చూపియ్యిన్రి అక్కా,” అంది భానుప్రియ చివరికి. “అండ్ల ఎట్ల తెలిసిందో రాస్తరు. ఊరికే రాయరు వీళ్ళు.”

కౌసల్య ఫోనులో ఉత్తరం తీసి, చేతికివ్వకుండా దూరం నుంచే చూపించింది. తర్వాత ఆలోచించి, ఇచ్చింది. భానుప్రియ మొదటి పేజీ చదివి వేలితో పైకి తోసింది.

“కింద ఇంకో పేజీ ఉంది. జతపరిచినది అని. చూడలేదా మీరు?”

చూడలేదు. మొదటి పేజీని అనువాదం చేసే యాప్‌లో వేసి, కింద సంతకం రాగానే అయిపోయిందనుకుంది. ఇరవై ఏళ్ళుగా ఇతరుల పనిలో తప్పులు వెతికే మనిషి, భయం వేస్తే, తెర కిందికి జరపలేదు.

రెండో పేజీ ఒక ఫొటో. బంగారు రంగు అట్ట. మధ్యలో దీపం బొమ్మ. దీపం కింద ఇంగ్లీషులో, తెలుగువాళ్ళ ఇంగ్లీషు చేతిరాతలో, ‘దీపావళి శుభాకాంక్షలతో మా కుటుంబం’ అని, ఒకదాని కింద ఒకటి నాలుగు పేర్లు: కౌసల్య, నరసింహులు, సృజన్, భానుప్రియ.

ఆ చేతిరాత కౌసల్యదే.

నవంబరులో దీపావళికి సమావేశం లేదు, ఇళ్ళకి పిలుపులు లేవు. నరసింహులు రెండు రోజులు కూర్చుని గరిజెలు చేశాడు. కౌసల్య భవనంలోని తొమ్మిది ఇళ్ళకీ డబ్బాలు పంచింది, ఒక్కో డబ్బాకి ఒక అట్ట. అట్ట మీద తమ పేర్లు రెండే రాద్దామనుకుంది ముందు. పెన్ను పట్టుకున్నాక అనుమానం వచ్చింది. కింద తపాలా పెట్టె మీద నాలుగు పేర్లున్నాయి. జర్మనీలో పెట్టె మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది కనక అతికించక తప్పలేదు. ఆ నాలుగు చూసినవాళ్ళు అట్ట మీద రెండే చూస్తే, మిగతా ఇద్దరేరని అడుగుతారేమో. లెక్క తప్పకూడదని నాలుగూ రాసింది. పెళ్ళి పత్రిక మీద ఇంటిల్లిపాది పేర్లూ అచ్చేయించే మనుషులకి అందులో వింతేమీ లేదు. పైన ‘మా కుటుంబం’ అని రాసినప్పుడు చేతికి ఏమీ తగల్లేదు కూడా. మూడో అంతస్తు ఆవిడ ఫ్రౌ షేఫర్ ఆ అట్టని తన తలుపుకి నెల రోజులు అతికించుకుంటే కౌసల్య పొంగిపోయి ఫొటో తీసి గ్రూపులో పెట్టింది, ‘మన సంస్కృతికి గౌరవం’ అని.

ఫ్రౌ షేఫర్ రాసిన రెండు వాక్యాలు ఫొటో కింద ఉన్నాయి. భానుప్రియ చదివింది: “ఆ కుటుంబం చాలా మంచిది, తీపి చాలా బాగుంది. కానీ చెత్త డబ్బాల ఖర్చు, నీళ్ళ ఖర్చు ఇంటికింత అని పంచుతున్నారు కదా, నేను ఒక్కదాన్ని, వాళ్ళు నలుగురు, ఇది న్యాయమేనా?”

సృజన్ నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్నట్టు సరస్సు వైపు తిరిగాడు.

“నవ్వు, నవ్వు,” అంది కౌసల్య.

“లేదక్కా. గరిజెలు మాకు పంపలేదు, అది ఆలోచిస్తున్నా. కుటుంబంలో పేరుంది గానీ డబ్బా రాలేదు.”

ఆమె ఒక బండ మీద కూర్చుంది. చెప్పింది ఎవరో తెలిసిపోయింది. తెలిసిపోయాక చెయ్యడానికి ఏమీ లేకపోవడమే ఇబ్బంది. రెండు వారాలుగా సృజన్ మీద పెంచిన కోపం ఎక్కడ పెట్టాలో తోచక, చేతిలోని ఫోను తెర తుడుస్తూ ఉండిపోయింది.

అప్పుడు మలుపులోంచి ఇద్దరు వచ్చారు, ముదురు నీలం జాకెట్లు, వీపు మీద ఓర్డ్‌నుంగ్స్‌ఆమ్ట్ అని అక్షరాలు. ఊళ్ళో నియమాలు పాటిస్తున్నారా లేదా చూసే మునిసిపల్ సిబ్బంది. ఒకామె చిన్నది, ఒకాయన నడివయసువాడు. ముసలాయన ఫోను చేశాడో, వాళ్ళు మామూలుగానే తిరుగుతున్నారో ఈనాటికీ తెలియదు. కౌసల్యకి మాత్రం తెలుసు.

“ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళా?” అంది ఆమె.

భానుప్రియ సృజన్ని చూసింది. సృజన్ కౌసల్యని చూశాడు. కౌసల్య ముందు ఎవరినీ చూడలేదు. ఎందుకడుగుతున్నారో తెలుసుకోమన్నాడు కోటయ్య. ఇక్కడ అడుగుతున్నది జరిమానాకి. జార్‌బ్రూకెన్‌లో అడిగింది చెత్త డబ్బాల ఖర్చుకి. రెండు చోట్ల రెండు జవాబులు చెప్పడం కుదిరే పని కాదు. జర్మనీలో కాగితాలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వస్తాయి.

“అవును,” అంది.

“గుర్తింపు కార్డులు చూపిస్తారా?”

మూడు నివాస కార్డులు బయటికొచ్చాయి. ఆమె ఒక్కోటీ తిప్పి చూసింది. వెనకవైపు అచ్చయిన చిరునామా మూడింటి మీదా ఒకటే, అదే వీధి, అదే ఇంటి నంబరు, జార్‌బ్రూకెన్.

“మీరు బంధువులా?”

సృజన్ నోరు తెరిచాడు. “అక్క” అనబోయాడని కౌసల్యకి తెలిసిపోయింది. మాట పడకముందే ఆమె అందుకుంది. “కాదు. ఇల్లు నా పేరు మీదుంది, వీళ్ళు అద్దెకుంటారు.”

నడివయసాయన ఇప్పుడు కాగితం మీదినుంచి తల ఎత్తకుండా అడిగాడు, “ఇంట్లో మొత్తం ఎంతమంది ఉంటారు?”

“నలుగురం.” జర్మన్‌లో అది ఒక్క అక్షరమంత మాట. నలభై ఏళ్ళ కిందట చెప్పినదీ అదే అంకె. అప్పుడది నిజం.

“గదులు?”

“రెండు.”

ఆయన తల ఎత్తి చూశాడు. రెండు గదుల్లో నలుగురు విదేశీయులు అన్నది ఆయన అనుమానాలన్నిటికీ సరిగ్గా సరిపోయినట్టుంది, నమ్మేశాడు. రాసుకున్నాడు. గుంటల దగ్గర వంగొద్దని చెప్పి ముందుకెళ్ళిపోయారు.

వాళ్ళు బండ దాటాక భానుప్రియ అంది, “అక్కా, ఒక మాట. మేం కోబ్లెంజ్‌ల ఒక్క ఇంట్లనే ఉంటున్నం. ఇద్దరం.”

“టిఫిను డబ్బా చూసినప్పుడే తెలిసింది.”

“అది కాదు. మేమిద్దరం ఒక ఇల్లు, మీరు బయటి మనిషి ఒక్కరు. నిజం చెప్పినా సరిపోయేది. ఫైన్ పడకపోయేది.”

కౌసల్య ఆ లెక్క మనసులో వేసి చూసుకుంది. సరిపోయింది. నిజం చెప్తే వైరస్ నియమం సరిపోతుంది, కార్డుల వెనక అచ్చయిన చిరునామా సరిపోదు. అబద్ధం చెప్తే రెండూ సరిపోయాయి. ఇక ఇంటి ఉత్తరానికి జవాబొక్కటే మిగిలింది.

“మీ అమ్మ అడిగితె ఇగ నేను లైబ్రరీ అని చెప్ప,” అంది లేస్తూ. “ఏం చెప్పాలో మీరిద్దరు ఆలోచించి చెప్పున్రి.”

తిరుగు దారిలో ఎవరూ బుడగల వైపు చూడలేదు. పార్కింగులో ఆమె జేబులోంచి కాగితం తీసి, సృజన్‌కి చూపించి, నాలుగు ముక్కలు చేసింది. చింపడం మంచితనం కాదు. నలుగురం అని ప్రభుత్వం వాళ్ళు రాసుకున్నాక వాడు వెళ్ళిపోయినట్టు కాగితం ఉండటం ఆమెకే ప్రమాదం. సృజన్‌కి ఆ సంగతి అర్థమైంది. అయినా థాంక్స్ చెప్పాడు. ఆమె ఆ థాంక్స్‌ని కూడా నమ్మలేదు.

“ఒకవేళ ఖర్చు పడితె ఎవలది వాళ్ళు కట్టుకోవాలె,” అంది.

“అలాగే అక్కా.”

“అలాగే అంటె కాదు. భానూ, ఫోను తియ్యి. రికార్డు చెయ్యి.”

భానుప్రియ నిజంగానే తీసింది. సృజన్ ఎర్రచుక్క వైపు చూస్తూ, పేరూ తేదీతో సహా, తన వాటా తాను కడతానని చెప్పాడు.

ఆదివారం పగలంతా కూర్చుని కౌసల్య జవాబు రాసింది. నలుగురమని, ముందే అనుమతి అడగనందుకు విచారిస్తున్నామని, పిల్లలిద్దరూ చదువుకునేవాళ్ళని. నరసింహులు ఉత్తరం పైకీ కిందికీ, రెండో పేజీ లేదని తేలేదాకా చూసి కవరులో పెట్టాడు. జవాబు మార్చి రెండో వారంలో వచ్చింది. ఒక హెచ్చరిక. ఇల్లు ఖాళీ చెయ్యనక్కర్లేదు. అదనపు మనుషులిద్దరికీ అనుమతి ఇస్తున్నాం, వాళ్ళు నమోదైన నెల నుంచి తలకి నెలకి ముప్పై మూడు యూరోలు కలిపి చెల్లించగలరు. దాంతో ఫ్రౌ షేఫర్‌కి నీళ్ళ ఖర్చు తగ్గింది. ఆవిడ కౌసల్య తలుపు దగ్గర కేకు పెట్టి వెళ్ళింది. నరసింహులు తిన్నాడు. కౌసల్య డబ్బా వెనక్కిస్తూ, ఈసారి అట్ట పెట్టలేదు.

ఇల్లు నిలబడింది. ఉండని ఇద్దరి నీళ్ళకి, ఉండని ఇద్దరి చెత్తకి ఆమె డబ్బు కట్టింది. కోటయ్య ఏడుగురని చెప్పి నలుగురి ఇంటికి ఏడుగురి చక్కెర తెచ్చేవాడు. ఇక్కడ ఎక్కువ చెప్పినందుకు ఎదురు కట్టాలి. ఈ తేడా తండ్రికి చెప్పాలనిపించింది గానీ, ఆయన పోయి పదేళ్ళయింది.

సృజన్‌కి మార్చి మూడు టెర్మిన్ సవ్యంగా జరిగింది. పొడిగింపు దొరికింది. ఏప్రిల్లో ఇంగోల్‌స్టాట్ వెళ్ళి కార్ల కంపెనీలో చేరాడు, అక్కడ సొంత పేరు మీద చిరునామా నమోదు చేయించుకున్నాడు. కౌసల్య పెట్టె మీంచి అతని పేరు గోటితో గీకింది. జిగురు మచ్చ పోలేదు. శ్యామలాదేవికి కూతురే ఫోను చేసి సంగతి చెప్పింది. ఆవిడ కౌసల్యతో మాట్లాడటం మానేసింది.

అదనపు బిల్లు ఫిబ్రవరి వరకు మొత్తం తొమ్మిది వందల ఇరవై నాలుగు యూరోలు. పదకొండు నెలలకి భానుప్రియ వాటా మూడు వందల అరవై మూడు, రెండు విడతల్లో కట్టేసింది. పదిహేడు నెలలకి సృజన్ వాటా ఐదు వందల అరవై ఒకటి. నెలనెలా ఇచ్చిన పాతికలు అందులో తీసెయ్యాలని అతను, అవి ఉత్తరాలు విప్పిన కూలి అని ఆమె. రికార్డింగు భానుప్రియ ఫోనులో ఉంది. ఐదు వందల అరవై ఒక్క యూరోలు ఇంకా రాలేదు.